పొరపాటు అన్నదెవరు? ఎన్నికల ప్రకటనలూ వాడ వేసిన ప్రశ్నలూ

ఎన్నికల ఫలితాలు వచ్చిన మర్నాడు పత్రికల్లో ఒక మాట తప్పకుండా కనిపిస్తుంది. ఫలానా నినాదం బెడిసికొట్టింది, ఫలానా ప్రకటన ఓడిన పార్టీకి గుదిబండ అయింది అని. ఆ మాట రాసేవాళ్ళెవరు? రెండు నెలల ముందు అదే ప్రకటనను డబ్బు తీసుకుని మొదటి పేజీలో అచ్చేసినవాళ్ళే. బెడిసికొట్టడం అనే మాటలోనే ఒక తీర్పు ఉంది. ఉద్దేశం మంచిదే గానీ గురి తప్పింది, ఇంకో ఏజెన్సీకి అప్పజెప్పి ఉంటే సరిగ్గా తగిలేది అని దాని భావం. అంటే ఓడింది రాజకీయం కాదు, రాతగాడు అన్నమాట. ఈ వివరణను మేము ఒప్పుకోలేం. ప్రకటన ఎవరిని మనసులో పెట్టుకుని తయారవుతుందో వాళ్ళు దాన్ని చూసి సంతోషపడతారు. ఎవరు ఆ మనసులో లేరో వాళ్ళు దాన్ని చూసి ఒక ప్రశ్న వేస్తారు. నినాదాన్ని పొరపాటుగా మార్చేది ఆ ప్రశ్నే. 2004, 2024 ఎన్నికల అనుభవాలతో ఈ సంగతి వివరించాలని మా ప్రయత్నం.

‘ఇండియా షైనింగ్’, తెలుగులో ‘భారత్ వెలిగిపోతోంది’ అన్న ప్రచారం 2003 చివర్లో మొదలైంది. వాజపేయి ప్రభుత్వంలోని ఆర్థిక మంత్రిత్వ శాఖ తరఫున గ్రే వరల్డ్‌వైడ్ అనే ప్రకటనల సంస్థ దాన్ని తయారుచేసింది. ఖర్చయిన పదుల కోట్లూ ప్రజల డబ్బే. 2004 ఫిబ్రవరి 6న లోక్‌సభ రద్దయింది. ప్రభుత్వ ఖర్చుతో ఈ ప్రకటనలు నడపడానికి వీల్లేదని ఎన్నికల సంఘం అడ్డుపడేనాటికి చెప్పదలచుకున్నది చెప్పేశారు. చీరకట్టుతో క్రికెట్ ఆడుతున్న గృహిణి, నవ్వు ముఖాలు, పూర్తి పేజీ రంగుల బొమ్మలు. ఆ రోజుల్లో మా ఇళ్ళకు ఇంగ్లీషు పేపరు వచ్చిందంటే అది పల్లీల పొట్లంగానో, బజ్జీల కింద కాగితంగానో వచ్చేది. ఆ బొమ్మల్లో కూలీ మనిషి లేకపోవడం మరుపు వల్ల జరిగింది కాదు. ఆ ప్రకటన అమ్ముతున్న సరుకు ‘నమ్మకం’. దాన్ని కొనగలిగినవాడికే అది అమ్మకానికి పెట్టారు.

మన రాష్ట్రంలో ఆ ‘వెలుగు’ అన్న మాటకు అప్పటికే వేరే చరిత్ర ఉంది. 2000లో కరెంటు చార్జీల పెంపు మీద ఉద్యమం జరిగింది. ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో ఉద్యమకారుల మీద పోలీసు కాల్పులు జరిగాయి. ఇంకోపక్క ప్రపంచబ్యాంకు డబ్బుతో నడిచే పేదరిక నిర్మూలన పథకం పేరు కూడా ‘వెలుగు’ అనే పెట్టారు. మెకిన్సే కన్సల్టెంట్లతో రాయించిన విజన్ 2020 పత్రం 1999 నుంచి ప్రచారంలో ఉంది. హైటెక్ సిటీ బొమ్మ లేకుండా ప్రభుత్వ ప్రకటన ఉండేది కాదు. అదే కాలంలో వరస కరువులు, బోర్లు ఎండిపోవడం, రైతుల ఆత్మహత్యలు, పాలమూరు కూలీల వలసలు. వాడ సంగతి చెప్పాలంటే, 1991 ఆగస్టు 6న చుండూరులో జరిగిన దళితుల ఊచకోత మీద 2004 నాటికి ఏ కోర్టూ తీర్పు చెప్పలేదు. ప్రత్యేక కోర్టు తీర్పు వచ్చింది 2007 జూలై 31న. దాన్ని కూడా 2014లో హైకోర్టు కొట్టేసింది. ఇలాంటి చోట ‘వెలిగిపోతోంది’ అని పోస్టరు వేస్తే చూసేవాడికి తట్టే ప్రశ్న ఏమిటి? ఎవరింట్లో? అంతే. ఆ ప్రశ్నకు ఏజెన్సీ అక్కర్లేదు, గ్రాఫిక్కు అక్కర్లేదు. కాంగ్రెసు చేసిందల్లా ఆ ప్రశ్నను అందుకుని, సామాన్యుడికి ఏం దక్కింది అని తన పోస్టరు మీద అచ్చేసుకోవడం.

2004 ఏప్రిల్ 12న లక్నోలో ఏం జరిగిందో కూడా గుర్తుచేసుకోవాలి. వాజపేయి పోటీ చేస్తున్న నియోజకవర్గమది. అక్కడ ఒక బీజేపీ నాయకుడి పుట్టినరోజుకి చీరలు పంచుతుంటే తొక్కిసలాట జరిగి ఇరవై మందికి పైగా పేద ఆడవాళ్ళు చనిపోయారు. ఒక్క చీర కోసం. ప్రకటనలో క్రికెట్ ఆడుతున్న ఆమె కట్టుకున్నదీ చీరే. ఈ రెండు చీరలనూ పక్కపక్కన పెట్టి చూడడానికి ఎవరికీ పత్రికా పాఠాలు చెప్పక్కర్లేదు.

ఇక ఫలితాలు. లోక్‌సభలో బీజేపీ 182 నుంచి 138కి పడిపోయింది, కాంగ్రెసు 114 నుంచి 145కి పెరిగింది. రాష్ట్ర అసెంబ్లీలో తెలుగుదేశం 180 నుంచి 47కి కూలిపోయింది, కాంగ్రెసుకి 185 వచ్చాయి. అంతకుముందు వచ్చిన సర్వేల్లో చాలావరకు ఎన్డీయేనే గెలిపించాయి. ఫలితాలు చూసి పత్రికలు రాత్రికి రాత్రే కథ మార్చేశాయి. పేదలు తిరగబడ్డారన్నాయి, ‘షైనింగ్’ ముంచేసిందన్నాయి.

ఈ కథ వినడానికి మనకూ బాగుంటుంది. కానీ పరిశోధకులుగా ఒక మాట చెప్పక తప్పదు. ఓట్ల లెక్క తీస్తే కథ అంత సాఫీగా లేదు. దేశం మొత్తం మీద కాంగ్రెసు ఓట్లు 1999లో 28.3 శాతం. 2004లో 26.5 శాతం. గెలిచిన పార్టీకి ఓట్లు తగ్గాయి! రాష్ట్ర అసెంబ్లీలో కాంగ్రెసుకి 38.6, తెలుగుదేశానికి 37.6 శాతం. ఒక్క శాతం తేడాతో సీట్లలో అంత అగాధం ఎలా వచ్చింది? కాంగ్రెసు తెలంగాణ రాష్ట్ర సమితితో, కమ్యూనిస్టులతో పొత్తు పెట్టుకుని తక్కువ సీట్లలో పోటీ చేసింది, మిగతాచోట్ల మిత్రులకు వదిలింది. తమిళనాడులో డీఎంకే బీజేపీని వదిలి ఇటు వచ్చింది. అంటే నినాదం ఒక్కటే ఎవరినీ ఓడించలేదు. జనంలో ఉన్న కోపానికి అది ఒక పేరు పెట్టింది. దాన్ని పొత్తులు సీట్లుగా మార్చాయి. ప్రకటన వల్లే గెలుపు, ప్రకటన వల్లే ఓటమి అనే నమ్మకం ప్రకటనల వ్యాపారానికి లాభం. మనకు కాదు.

2004లోనే తెలుగు ఛానళ్ళ పుణ్యమా అని ఇంకో సంగతి జరిగింది. అప్పటి నిబంధనల ప్రకారం కేబుల్ టీవీలో రాజకీయ ప్రకటనలకు అనుమతి లేదు. ఆ నిబంధన మీద వివాదం ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకి వెళ్ళింది. మార్చిలో హైకోర్టు ఆ నిబంధనను పక్కనపెట్టింది. కేసు సుప్రీంకోర్టుకి పోయి, జెమినీ టీవీ కేసుగా పేరుపడింది. ప్రకటన వెయ్యొచ్చు గానీ ముందుగా ఎన్నికల సంఘం ఏర్పాటు చేసిన కమిటీ దగ్గర సర్టిఫికెట్ తీసుకోవాలని ఏప్రిల్ 13న కోర్టు చెప్పింది. ఇవాళ దేశమంతా టీవీల్లో కనిపించే ప్రతి పార్టీ ప్రకటనకూ ఆ సర్టిఫికెట్టే ఆధారం. ఆ కమిటీ బూతుందా, మతద్వేషం ఉందా అని చూస్తుంది. ఎవరింట్లో వెలుగు అని అడగడం దాని పని కాదు గదా.

ఇరవై ఏళ్ళకు, 2024లో, నినాదాలు అంకెల్లోకి దిగాయి. ఆంధ్రలో ‘వై నాట్ 175’, దేశంలో ‘అబ్ కీ బార్ 400 పార్’. గెలిపిస్తే ఏం చేస్తామో చెప్పడం పోయి, ఎన్ని గెలుస్తామో చెప్పడం మొదలైంది. ఓటరు పాత్ర ఆ అంకెను పూర్తి చెయ్యడం వరకే.

ఆంధ్ర సంగతి ముందు చెప్పుకుందాం. అక్కడ అంకె కన్నా పెద్ద దెబ్బ కొట్టింది బొమ్మ. భూముల రీసర్వే చేసి రైతులకిచ్చిన పట్టాదారు పాసుపుస్తకాల మీద ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి ఫొటో వేశారు. పొలం హద్దురాళ్ళ మీదా ఆయన పేరు, బొమ్మ చేరాయి. దానికి తోడు భూహక్కుల చట్టం 2023 అక్టోబరు ఆఖరున అమలులోకి వచ్చింది. ఇది నీతి ఆయోగ్ నమూనా చట్టమేనని ప్రభుత్వమూ సాక్షీ వాదించాయి. ఈనాడు, ఆంధ్రజ్యోతి భూమి పోతుందని రాశాయి. ఏ పత్రిక ఏ పార్టీ వైపో తెలిసిన పాఠకుడు ఈ రెండిటినీ సగం నమ్మి సగం వదిలేస్తాడు. కానీ పాసుపుస్తకం అతని ఇంట్లో పెట్టెలో ఉంది. తాతల నాటి భూమి కాగితం మీద వేరేవాడి ఫొటో ఎందుకుందని ఇంటావిడ అడిగితే ఏ ఛానలూ జవాబు చెప్పలేదు. రేషను కార్డు మీద, ఆసుపత్రి కార్డు మీద బొమ్మ పడితే జనం సర్దుకున్నారు. అది ఇచ్చేవాడి బొమ్మ అనుకున్నారు. భూమి మాత్రం ఎవరూ ఇచ్చింది కాదు. తేడా అక్కడుంది. 2019లో 151 గెలిచిన పార్టీ 2024లో 11కి వచ్చింది. 2024 జూలైలో కొత్త అసెంబ్లీ ఆ చట్టాన్ని రద్దు చేసింది.

పత్రికల చర్చ అంతా పట్టాదారు చుట్టూ తిరిగింది. పాసుపుస్తకమే లేనివాళ్ళ మాటేమిటి? మాల మాదిగల్లో ఎక్కువమంది కూలీలు, కౌలుదార్లు. భూమి ఉన్నవాళ్ళదీ చాలావరకు డి-ఫారం పట్టా. వాళ్ళ ఓటు పథకాల లెక్కలో ఖాయమనుకున్నారు. 2024 జనవరి 19న విజయవాడలో 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం ఆవిష్కరించారు. అయితే 2022 మేలో కాకినాడలో జరిగిన దళిత డ్రైవరు హత్య, అందులో అధికార పార్టీ ఎమ్మెల్సీ నిందితుడు కావడం వాడ మరిచిపోలేదు. 29 ఎస్సీ రిజర్వుడు సీట్లలో 2019లో ఆ పార్టీ 27 గెలిచింది. 2024లో బద్వేలు, యర్రగొండపాలెం రెండే మిగిలాయి. నిజమే, రిజర్వుడు సీటులో కూడా ఎక్కువ ఓట్లు దళితేతరులవే, కాబట్టి ఈ లెక్కతో దళితుల మనసు ఇదీ అని చెప్పెయ్యకూడదు. అయినా దాదాపు 39 శాతం ఓట్లు తెచ్చుకున్న పార్టీ ఇది. అందులో వాడ ఓటు గణనీయమని ఊళ్ళు తెలిసిన వాళ్ళెవరికైనా తెలుసు.

ఇప్పుడు 400 సంగతి. ఇది కొంచెం నిదానంగా చూడాలి, ఎందుకంటే ఒక ప్రకటనను దళితులు చదివిన తీరు దేశం మొత్తానికి చర్చగా మారిన సందర్భాలు తక్కువ.

2024 ఫిబ్రవరి 5న ప్రధాని మోదీ లోక్‌సభలో మాట్లాడుతూ బీజేపీకి 370, కూటమికి 400 దాటి వస్తాయన్నారు. 370 అనేది కాశ్మీరు అధికరణాన్ని గుర్తుచేసే అంకె. ఏజెన్సీల భాషలో ఇది గాలి వీస్తోందన్న భావన కలిగించే ఎత్తుగడ. గెలిచేవాడి వైపు మొగ్గే ఓటరును లాగడానికి. కానీ వాడ వేసిన ప్రశ్న వేరు. ప్రభుత్వం నడపడానికి 272 చాలు గదా, 400 ఎందుకు?

ఈ ప్రశ్నకు జవాబు ప్రతిపక్షం కన్నా ముందు అధికార పార్టీ ఎంపీలే ఇచ్చారు. మార్చిలో కర్ణాటక ఎంపీ అనంతకుమార్ హెగ్డే రాజ్యాంగం మార్చాలంటే అంత మెజారిటీ కావాలన్నాడు. అది ఆయన సొంత అభిప్రాయమని పార్టీ తప్పుకుంది, తర్వాత టికెట్టూ ఇవ్వలేదు. ఏప్రిల్లో ఫైజాబాద్ ఎంపీ లల్లూ సింగ్ అదే అర్థం వచ్చేట్టు మాట్లాడాడు. ఏప్రిల్ 12న బాడ్మేర్ సభలో ప్రధాని, అంబేద్కరే దిగివచ్చినా రాజ్యాంగాన్ని రద్దు చెయ్యలేరని చెప్పవలసి వచ్చింది. రెండు రోజులకు ఏప్రిల్ 14. బీజేపీ తన మేనిఫెస్టో విడుదలకు ఎంచుకున్న రోజు కూడా అదే. పోలింగు మొదలైంది ఏప్రిల్ 19న. అంటే 400 అనే అంకె సరిగ్గా జయంతి సభల మధ్యలోకి వచ్చి పడింది. ప్రతి వాడలో విగ్రహం, దాని ముందు మైకు, మాట్లాడడానికి ఒక టీచరో విద్యార్థో ఉండే రోజది. ఏ ఏజెన్సీ క్యాలెండరులోనూ ఆ తేదీకి ఈ లెక్క రాసి ఉండదు.

అనుమానం నిరాధారమా? 368 అధికరణం ప్రకారం రాజ్యాంగ సవరణకు రెండు సభల్లోనూ విడివిడిగా, హాజరై ఓటేసినవాళ్ళలో మూడింట రెండొంతుల మంది కావాలి, సభ మొత్తం సంఖ్యలో సగం దాటాలి. కొన్ని అంశాలకు సగం రాష్ట్రాల ఒప్పుదల కూడా కావాలి. లోక్‌సభలో మూడింట రెండొంతులంటే 362. 400 ఒక్కటే చాలదు, రాజ్యసభ ఉంది, మౌలిక స్వరూపాన్ని ముట్టరాదన్న 1973 నాటి కేశవానంద భారతి తీర్పు ఉంది. చట్టం తెలిసినవాళ్ళు ఈ మాట చెప్పి, దళితులు ఊరికే భయపడ్డారన్నారు. కానీ దళితులు చట్టంతో పాటు చరిత్రను కూడా చదివారు. 2000లో వాజపేయి ప్రభుత్వం రాజ్యాంగ సమీక్షకు కమిషన్ వేసింది. రాజ్యాంగం మనల్ని విఫలం చేసిందా, మనమే రాజ్యాంగాన్ని విఫలం చేశామా అని అప్పటి రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ పార్లమెంటు సెంట్రల్ హాల్లో అడిగారు. అడిగింది దేశపు మొదటి దళిత రాష్ట్రపతి. 2018లో అట్రాసిటీ చట్టాన్ని బలహీనపరిచే తీర్పు వచ్చినప్పుడు ఏప్రిల్ 2న భారత్ బంద్ చేసి ప్రాణాలిచ్చారు. 2019 జనవరిలో అగ్రకులాల పేదలకు పది శాతం రిజర్వేషను ఇచ్చే సవరణ 8న లోక్‌సభ, 9న రాజ్యసభ దాటింది, 12న రాష్ట్రపతి సంతకం పడింది. రాజ్యాంగం అయిదు రోజుల్లో మారడం కళ్ళారా చూసినవాళ్ళని అపోహ పడ్డారంటే ఎలా?

ఫలితం తెలిసిందే. ఎక్కువ ఎగ్జిట్ పోల్స్ ఎన్డీయేకి 350 పైన చెబితే వచ్చినవి 293. బీజేపీకి సొంతంగా 240. ఉత్తరప్రదేశ్‌లో 62 నుంచి 33. అయోధ్య ఉన్న ఫైజాబాద్ జనరల్ సీటులో లల్లూ సింగ్‌ను పాసీ కులస్తుడైన అవధేశ్ ప్రసాద్ 54 వేల పైచిలుకు ఓట్లతో ఓడించాడు. జూన్లో బీజేపీ మిత్రుడు, మహారాష్ట్ర ముఖ్యమంత్రి ఏక్‌నాథ్ శిందే 400 నినాదం వల్ల రాజ్యాంగం మారుతుందన్న అనుమానం జనంలో కలిగిందని ఒప్పుకున్నాడు. అదే రాష్ట్రపు బీజేపీ నాయకులు దాన్ని ‘ఫేక్ నెరేటివ్’ అన్నారు. టీవీ చర్చలు ఈ రెండు మాటల మధ్యే తిరిగాయి. నినాదం పొరపాటా, ప్రతిపక్షం అబద్ధమా? మూడో సంగతి, అంటే ఓటరు తనంతట తాను ఆలోచించి చదివి ఉంటాడన్నది, ఆ చర్చల్లో చోటు దొరకని మాట.

తెలంగాణలో ఈ కథకు మెలికలున్నాయి. 2022 ఫిబ్రవరి 1న ముఖ్యమంత్రి కేసీఆర్ దేశానికి కొత్త రాజ్యాంగం కావాలన్నారు. అప్పుడు ‘భీమ్ దీక్ష’ పేరుతో కూర్చున్నది బీజేపీ నాయకులే. 2023 ఏప్రిల్ 14న హైదరాబాదులో 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం లేచింది, అయినా ఆ పార్టీ అదే ఏడాది అధికారం పోగొట్టుకుంది, 2024లో ఒక్క లోక్‌సభ సీటూ గెలవలేదు. మరి 400 నినాదం ఇక్కడ బీజేపీని దెబ్బతీసిందా? 2019లో నాలుగున్న ఆ పార్టీ ఎనిమిదికి పెరిగింది. పెద్దపల్లి, నాగర్‌కర్నూలు, వరంగల్ మూడు ఎస్సీ సీట్లూ మాత్రం కాంగ్రెసుకే వెళ్ళాయి. వాడ కూడా ఒక్క మాట మీద లేదు. 2023 నవంబరు 11న సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండులో జరిగిన మాదిగల సభలో వర్గీకరణకు ప్రధాని హామీ ఇచ్చారు, దండోరా నాయకత్వం ఆ వైపు నిలబడింది. ముప్ఫై ఏళ్ళ వర్గీకరణ పోరాటాన్ని పక్కనబెట్టి ‘దళితులంతా రాజ్యాంగం కోసం ఒక్కటయ్యారు’ అని రాసేవాళ్ళకు తెలంగాణ తెలియదు.

ఏప్రిల్ నెలాఖరులో వచ్చిన దొంగ వీడియో గురించి కూడా చెప్పాలి. 2023 ఏప్రిల్లో చేవెళ్ళ సభలో అమిత్ షా ముస్లిం రిజర్వేషన్లు తీసేస్తామన్నారు. దాన్ని కత్తిరించి అతికించి ఎస్సీ, ఎస్టీ, బీసీ రిజర్వేషన్లే తీసేస్తామన్నట్టు తిప్పారు. ఢిల్లీ పోలీసులు కేసు పెట్టి తెలంగాణ ముఖ్యమంత్రికి సైతం నోటీసిచ్చారు. అది వాడ ప్రశ్నకు జరిగిన అపకారం. 400 ఎందుకని అడగడానికి 368 అధికరణం, పదేళ్ళ అనుభవం ఉన్నాయి. వాటిని వదిలి అబద్ధపు క్లిప్పు పట్టుకుంటే, అడిగినవాడి మాట మొత్తాన్నీ ‘ఫేక్’ అని కొట్టిపారెయ్యడానికి ఎదుటివాడికి దారి దొరుకుతుంది. దొరికింది కూడా.

చివరగా, ఈ ప్రశ్న నుంచి లాభపడిందెవరు? ప్రచారం విషయంలో పత్రికలు బహుజన్ సమాజ్ పార్టీని చూసిన చూపే వేరు. ‘ఇండియా షైనింగ్’ ఖర్చును గురితప్పిన ప్రచారం అన్న పత్రికలే మాయావతి కట్టించిన పార్కుల్ని, విగ్రహాల్ని దుబారా అన్నాయి. 2012 జనవరిలో ఎన్నికల సంఘం లక్నో, నోయిడాల్లో ఏనుగు విగ్రహాలకు గుడ్డలు కప్పించింది. ఆ ముసుగు ఏనుగుల ఫొటోలు వెయ్యని పత్రిక లేదు. కాన్షీరాం 1983లో సైకిళ్ళ మీద తిరిగి, గోడల మీద రాయించి కట్టిన ఉద్యమానికి ప్రకటనల ఏజెన్సీ లేదు. 2024లో రాజ్యాంగం అనే మాట ఊరూరా వినిపించింది. దాన్ని చేత్తో పట్టుకుని చూపించింది రాహుల్ గాంధీ. ఓట్లు వేయించుకున్నది సమాజ్‌వాదీ, కాంగ్రెసు పార్టీలు. ఉత్తరప్రదేశ్‌లో బీఎస్పీ ఓట్లు 2019లోని 19.4 శాతం నుంచి 9.4 శాతానికి పడిపోయాయి, సీట్లు సున్నా. అక్కడి 17 ఎస్సీ రిజర్వుడు సీట్లలో బీజేపీకి 8, సమాజ్‌వాదీకి 7, కాంగ్రెసుకి 1. దళితుల సొంత పార్టీ జెండా మీద గెలిచింది నగీనాలో చంద్రశేఖర్ ఆజాద్ ఒక్కడే.